నడి బేరింగు

రాయగడ,
12 జూన్ 1998

దేవమణికి విజయరత్నం రాసేది.

నా చేతిరాత చూడగానే కవరు విప్పకుండా పొయ్యిలో పడేస్తావని దొర్కాతో అన్నాను. "పడేస్తే పడేయనీ నాన్నా, మనం రాయడమైతే రాద్దాం" అంది. ఏడేళ్లలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. అది అడగకపోతే చచ్చేదాకా రాసేవాణ్ణి కాదు.

మీ అక్క పోయినప్పుడు దొర్కాకి పదమూడేళ్లు. ఇప్పుడది నర్సు. దసమంతపూర్ ఆరోగ్య కేంద్రంలో వేశారు. అక్కడ రోజుకు రెండు బస్సులు, గట్టి వానొస్తే అవీ ఉండవు. "తాత కారు బాగుచేయిస్తే నేనే నడుపుకుంటాను" అని పట్టుబట్టింది. మా నాన్న మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో ఒక ఇంజనీరు దొర దగ్గర డ్రైవరుగా చేస్తే, ఆ దొర వెళ్లిపోతూ ఇచ్చేసిన ఆస్టిన్ కారు నీకు తెలియనిది కాదు. నలభై తొమ్మిదో సంవత్సరం బండి. లోయలోంచి పైకి లాగించి తెచ్చినప్పటి నుంచి మా ఇంటి వెనక రేకుల కింద పడి ఉంది.

అసిరయ్య మేస్త్రి వచ్చి ఇంజిను విప్పాడు. "ఏడేళ్లు వానలో నానింది కద బావూ, తుప్పట్టి బిగిసిపోయింది. క్రాంకు షాఫ్టు గీతలు పడి అరిగిపోనాది. ఇలాటి పాత షాఫ్టు గ్రైండింగు సేసీవోడు జయపురంలో దేవమణి ఒక్కడే" అన్నాడు. అనేసి తల దించుకున్నాడు. నా కుడికన్ను ఎవరి చేతిలో పోయిందో ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

నీకు ఇష్టమైతే షాఫ్టు పంపిస్తాను. కాదంటే ఒక కార్డు ముక్క మీద కాదని రాసెయ్యి. నా కోసం అడగడం లేదు. కన్నుతోపాటు నా లైసెన్సూ పోయింది. లారీ టైర్లకు గాలికొట్టి బతుకుతున్నాను.

విజయరత్నం


జయపురం,
20 జూన్ 1998

విజయరత్నం గారికి,

దొర్కా అడిగింది కనక చేస్తాను. మీ ఉత్తరంలో దాని పేరు లేకపోతే మీరనుకున్నట్టే పొయ్యిలో పడేసేవాణ్ణి.

మీ కన్ను సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు సమాధుల దగ్గర టైరు లీవరుతో మిమ్మల్ని కొట్టినందుకు నేను ఒక్క రాత్రి కూడా బాధపడలేదు. రెండో దెబ్బ నడినెత్తి మీద వేద్దామనుకున్నాను. పాస్టరుగారు అడ్డంపడి తన భుజం మీద కాచుకున్నారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది సలోమి అక్క. దాన్ని పెట్టెలో పెట్టేటప్పుడు రొమ్ము ఎముకలు లోపలికి దిగిపోయి, చీర కప్పితే నిలవకుండా గుంట పడింది. ఆ గుంటలో నేను దూది కూరాను. మర్నాడు సమాధి పక్కన మీరు నిలబడి ఉన్నారు, ఒంటి మీద గీతలు తప్ప ఏమీ లేకుండా. మీ చొక్కా ఇంకా సారా కంపు కొడుతూనే ఉంది. పోలీసులూ అదే రాశారు, తాగి నడిపాడని.

మీ తమ్ముడు సంజయ్ కుమార్ వారం తిరక్కుండా వచ్చి నా షెడ్డు తగలబెట్టాడు. గ్రైండింగు మిషను ఇనుము కాబట్టి మిగిలింది. నేను కేసు పెట్టలేదు. అంతటితో చెల్లుకు చెల్లు అనుకున్నాను.

షాఫ్టును గోనెలో చుట్టి, చెక్కపెట్టెలో నిలబెట్టి పంపండి. అడ్డంగా పడేస్తే వంగుతుంది. ఎక్కడా సుత్తి తగలనివ్వొద్దని అసిరయ్యకు చెప్పండి.

దేవమణి


రాయగడ,
2 జూలై 1998

దేవమణికి,

అసిరయ్య ఈ ఉత్తరమూ షాఫ్టూ కలిపి బస్సులో తెస్తున్నాడు.

నువ్వు దూది సంగతి రాశావు. నాకది తెలీదు. ఆ రాత్రి నన్ను ఠాణాలో కూచోబెట్టారు. నువ్వు ఏడేళ్ల కిందట అడగని మాట నేను ఇప్పుడు చెబుతాను. నమ్మినా సరే, నమ్మకపోయినా సరే.

ఆ రోజు నేను తాగలేదు. దానికి రెండేళ్ల ముందే మీ అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. జయపురంలో నీ దగ్గర ఇంజిను కొత్తగా చేయించుకుని ఇంటికి బయల్దేరాం, గుర్తుందిగా. సంజయ్ కోసం ఒక రమ్ము సీసా కొని సీటు వెనక పెట్టాను. బండి పల్టీ కొట్టినప్పుడు అది పగిలి నా మీదే ఒలికింది. పోలీసులకు చెబితే నవ్వారు.

లక్ష్మీపూర్ దాటాక ఘాటీ దిగుతున్నాం. రెండో గేరులోనే ఉన్నాను. ఉన్నట్టుండి కింద ఏదో కీచుమంది, వెనక చక్రాలు రెండూ ఒక్కసారి బిగుసుకుపోయాయి. నేను బ్రేకు తొక్కలేదు. క్లచ్చి తొక్కేలోపే బండి కంకర మీద అడ్డంగా తిరిగి, రాయి కట్టుబడిని గుద్ది, లోయలోకి మూడు పల్టీలు కొట్టింది. నేను మధ్యలోనే బయటికి విసిరేసినట్టు పడ్డాను. మీ అక్క కింద ఉండిపోయింది. తలుపు అంచు దాని రొమ్ము మీద ఆనింది.

జాకీ పెట్టాను. మట్టిలో దిగబడింది. రాయి వేసి మళ్ళీ పెట్టాను, జారింది. జారినప్పుడల్లా బండి బరువు దాని మీదే పడేది. మూడుసార్లు అలా అయింది. నొప్పి ఓర్చుకోలేక నా ముంజేయి కరిచిపట్టుకుంది. పళ్ళు ఎముక దాకా దిగాయి. వదిలించుకోలేదు నేను. అదే వదిలింది, కాసేపటికి.

సంజయ్‌ని నీ షెడ్డు మీదికి నేను పంపలేదు. వాడికి నా కన్ను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నీకు షాఫ్టు పంపుతున్నానని తెలిసి మూడు రోజులు అన్నం మా ఇంట్లో తినలేదు.

షాఫ్టు ఎలా బాగుచేస్తారో తనకి రాయమంది దొర్కా.

విజయరత్నం


జయపురం,
9 జూలై 1998

విజయరత్నం గారికి,

షాఫ్టు చేరింది. మీరు రాసింది చదివాను. ఇప్పుడు దాని మీద ఏమీ అనలేను.

దొర్కాకి చదివి వినిపించండి. క్రాంకు షాఫ్టు మీద నున్నటి గుండ్రటి చోట్లు ఉంటాయి, వాటిని జర్నళ్ళు అంటాం. వాటిని బేరింగులు పట్టుకుంటాయి. మధ్యలో కాగితమంత నూనె పొర ఉంటే ఇనుము ఇనుముని తాకదు. నూనె తగ్గితే జర్నలు అరిగి, గీతలు పడి, గుండ్రం పోయి కోలగా తయారవుతుంది. అప్పుడు షాఫ్టును మిషను మీద బిగించి, తిరిగే రాయితో జర్నలును మళ్ళీ గుండ్రంగా వచ్చేదాకా సన్నగా అరగదీస్తాం. అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటాం. ఏడేళ్ల కిందట దీన్ని ఇరవై థౌ తగ్గించాను. ఇప్పుడు నలభైకి వెళ్ళాలి. అంతకు మించితే షాఫ్టు బక్కచిక్కి విరుగుతుంది. తగ్గించినంత మేరా బేరింగు మందంగా పోస్తాం, తెల్ల లోహం కరిగించి.

ముందు పగుళ్లు చూశాను. కిరసనాయిల్లో ఒక పూట నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, సుద్ద పూసి, చెక్కసుత్తితో తట్టాలి. పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు సుద్ద మీద గీతలా ఊరుతుంది. ఎక్కడా రాలేదు.

మీరు కొన్ని చెప్పాలి. నా షెడ్డులోంచి తీశాక ఆ చోటు దాకా బండి ఎంత దూరం నడిచింది? అంతకుముందు ఇంజినులో చప్పుడేమైనా వచ్చిందా? నూనె గేజి ముల్లు ఎక్కడుంది? అసిరయ్య విప్పిన పాత బేరింగులు పారేయకండి. ముఖ్యంగా నడి బేరింగు రెండు ముక్కలూ పంపండి.

దేవమణి


రాయగడ,
17 జూలై 1998

దేవమణికి,

నువ్వెప్పుడు పోలీసువయ్యావు? ఎంత దూరం నడిచింది, ముల్లు ఎక్కడుంది. ఠాణాలో ఆ ఎస్సై ఇవే అడిగి, నేను చెప్పిన ప్రతి మాటకీ లాఠీతో అరికాలి మీద ఒకటి వేసేవాడు. నా వాంగ్మూలంలో తప్పు పట్టుకుని మళ్ళీ నన్ను తాగుబోతు చెయ్యాలని చూస్తున్నట్టుంది.

అయినా దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. నీ షెడ్డు నుంచి తొంభై కిలోమీటర్లు ఉండదు. ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది, నూనె నిండుగా ఉంది. లక్ష్మీపూర్ దగ్గర నుంచి కింద టకటకమని చప్పుడు మొదలైంది. ఆపి చూస్తానన్నాను. మీ అక్క ఏమందో చెప్పమంటావా? "తమ్ముడు సేసిన ఇంజినుకి ఏటవుద్ది? కొత్తలో అలాగే ఉంటాది. సీకటి పడకుండా పోదాం, ఇంటికాడ అమ్మి దొర్కా ఒక్కర్తీ ఉంది" అంది. ఆపలేదు.

బేరింగు ముక్కలు డబ్బాలో పెట్టి పంపుతున్నాను. పాత ఇనుముకి ఇచ్చేద్దామనుకున్నవి. నీకేం పనికొస్తాయో.

విజయరత్నం


జయపురం, ఆసుపత్రి నుంచి
4 ఆగస్టు 1998

బావా,

మొత్తానికి పంపించావు. నా ఉత్తరం అందాక నువ్వే వస్తావని ఎదురుచూశాను. నువ్వొస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడదామనుకున్నాను. తమ్ముణ్ణి పంపుతావనీ, తోడు ఇద్దరు కూలీగాళ్లని ఇచ్చి పంపుతావనీ అనుకోలేదు.

శుక్రవారం పన్నెండు గంటలకు వచ్చారు. నేను మిషను మీద వంగి ఉన్నాను. సంజయ్ చేతిలో ఇనప కడ్డీ. మొదటి దెబ్బ మెడ పక్క ఎముక మీద పడింది, అది విరిగిన చప్పుడు నాకే వినబడింది. ఆ ఇద్దరూ నా ఎడమచెయ్యి మిషను బల్ల మీద పరిచి పట్టుకున్నారు. వాడు వేళ్ళ మీద కొట్టాడు. నాలుగుసార్లు. చిటికెన వేలూ ఉంగరం వేలూ ఇక్కడ తీసేశారు. ఐదోసారి ఎత్తినప్పుడు నా కుడిచేతికి రాగి సుత్తి అందింది. దవడ మీద వేశాను. పళ్ళు రాలి నా చొక్కా మీద పడ్డాయి. మిగతా ఇద్దరూ పారిపోయారు.

నువ్వు నన్ను చంపినా అడిగేవాణ్ణి కాదు. వీళ్లతో కొట్టించడం మటుకు నీకు తగదు.

దేవమణి


రాయగడ,
10 ఆగస్టు 1998

దేవమణికి,

నీ ఉత్తరం నాకు తలాతోకా తెలియలేదు. ఏడేళ్ల తర్వాత బావా అన్నావు. ఎందుకన్నావు? ఏ ఉత్తరం? జూలై పదిహేడున నేను రాశాక నీ దగ్గర నుంచి నాకేమీ రాలేదు.

పోస్టుమాన్‌ని నిలదీశాను. "తమ్ముడుగారు గుమ్మంలో ఉంటే ఆయన సేతికే ఇచ్చేను బావూ, మీరు లేరు" అన్నాడు. సంజయ్ బియ్యం మిల్లు పని మీద జయపురం వెళుతున్నానని చెప్పాడు. నేను పంపలేదు. వాడు ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. దవడ రెండు చోట్ల విరిగింది. పైపళ్ళకీ కింది పళ్ళకీ తీగ వేసి బిగించారు, గొట్టంతో గంజి తాగిస్తున్నారు. ఆరు వారాలు నోరు విప్పకూడదట. పలక ఇచ్చి ఎందుకెళ్లావని అడిగాను. "అడక్కు" అని రాసి గోడవైపు తిరిగాడు. ఉత్తరం ఏదని అడిగితే చింపేశానని సైగ చేశాడు.

దేవమణీ, అందులో ఏం రాశావు? మీ అక్కనేమైనా అన్నావా, దొర్కానేమైనా అన్నావా? కడుపులో మాట దాచుకోలేని సంజయ్ నోరు మూసుకునేంత మాట ఏమిటది?

నీ మీద ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాను. నా కన్ను నీకు చాలలేదు. వాడి దవడ కూడా కావలసొచ్చింది. ఈ మిగిలిన కన్నుతో నిన్ను జైల్లో చూస్తాను. షాఫ్టు నువ్వు ముట్టుకోవద్దు. అసిరయ్యను పంపి తెప్పించుకుంటాను.

విజయరత్నం


జయపురం,
18 ఆగస్టు 1998

బావా,

నీ ఉత్తరం అందిన నాటి నుంచి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఎందుకో చెబుతాను. నీకు ఏమీ తెలియదని అర్థమయ్యాక నాలో ఒకడు ఊపిరి పీల్చుకున్నాడు. ఉత్తరం చిరిగిపోయింది. సంజయ్ నోటికి తీగ వేశారు. షాఫ్టు నా మిషను మీదే ఉంది. పావుగంట రాయి ఆనిస్తే ఇక లోకంలో ఎవరికీ తెలియదు. నిన్న మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చి, కట్టు చేతితోనే మిషను వేశాను కూడా. రాయి తిరుగుతోంది. ఒక్క వేలి దూరంలో ఆపేశాను.

చింపేసిన ఉత్తరంలో ఉన్నది మళ్ళీ రాస్తున్నాను.

అక్కను చంపింది నువ్వు కాదు, నేను.

పెట్టె విప్పి షాఫ్టు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నడి జర్నలు నీలంగా ఉంది. తుప్పు నీలంగా ఉండదు. ఇనుము కాలితేనే ఆ రంగు వస్తుంది. దాని మీద తెల్ల లోహం కరిగి, ఈడ్చుకుపోయి, అతుక్కుని ఉంది. అంటే నూనె అందక వేడెక్కి బేరింగు షాఫ్టును పట్టేసింది. చక్రాలు బిగుసుకున్నాయని నువ్వు రాసింది నిజం. అందుకే దూరం అడిగాను, చప్పుడు అడిగాను. నువ్వు నన్ను పోలీసన్నావు. నేను అడిగింది నిన్ను కాదు, నన్ను.

తర్వాత నీ డబ్బా వచ్చింది. బేరింగుకి పై ముక్కలో ఒక బెజ్జం ఉంటుంది. ఇంజినులోంచి నూనె ఆ బెజ్జం గుండా జర్నలు మీదికి వస్తుంది. తెల్ల లోహం పోసినప్పుడు ఆ బెజ్జం మూసుకుపోతుంది. చల్లారాక వెనక వైపు నుంచి బర్మా పెట్టి తొలిచి పూర్తిగా తెరవాలి. ముందు బేరింగుకి తెరిచాను, వెనక బేరింగుకి తెరిచాను. నడి బేరింగుకి బర్మా మొన మాత్రమే దిగింది. సూది పట్టేంత కన్నం ఉంది, అంతే. గేజి ముల్లు బెజ్జానికి ముందున్న నూనెనే చూపిస్తుంది కాబట్టి అది నీకేమీ చెప్పలేదు. ముక్క వీపు మీద నా గుర్తు ఉంది, ద అని పంచితో కొట్టింది. ఇంకొకరి పని అనడానికి లేదు.

ఆ రోజు ఏం జరిగిందో జ్ఞాపకం చేసుకున్నాను. నేను బర్మా తిప్పుతుంటే అక్క కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడి, "ఒరే, ఇంకెంతసేపు? అమ్మి ఒక్కర్తీ ఉంది" అంది. లేచి కాఫీ తాగాను. మళ్ళీ కూచున్నప్పుడు తర్వాతి పనిలోకి వెళ్లిపోయాను. తప్పు అక్క మీద తొయ్యడానికి రాయడం లేదు. ఎలా జరిగిందో నీకు తెలియాలని.

తొంభై కిలోమీటర్లు సూది కన్నంతో నడిచింది ఆ ఇంజిను. నా పని మీద ఉన్న నమ్మకంతో అక్క నిన్ను ఆపనివ్వలేదు. ఆ తర్వాత నేను నీ కన్ను తీశాను. ఊరంతా నిన్ను తాగుబోతన్నప్పుడు అందరికంటే గట్టిగా అన్నాను.

ఆ శుక్రవారం సంజయ్ వచ్చి షెడ్డు గుమ్మంలో అరిచిన మాట, "వదినని సంపింది నువ్వేరా, మా అన్న కన్ను తీసింది నువ్వేరా" అని. అప్పుడు నువ్వు చెప్పి పంపావనుకున్నాను. వాడి దవడ విరగ్గొట్టినందుకు నా మీద కేసు ఉండనీ.

నడి జర్నలును నేను ముట్టుకోలేదు. నువ్వు వచ్చి చూసేదాకా షాఫ్టు అలాగే ఉంటుంది. బేరింగు ముక్క రిజిస్టరు పోస్టులో వేరే పంపుతున్నాను. వెలుతురుకి ఎత్తి పట్టుకో. కనబడుతుంది.

దేవమణి


రాయగడ,
5 సెప్టెంబరు 1998

దేవమణీ,

నేను వచ్చి వెళ్లి పది రోజులైంది. అప్పుడు నీతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ముక్క అందిన రోజు కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఒక్క కన్నుకీ ఆ కన్నం కనబడింది. ఎవరికీ చెప్పకుండా మర్నాడు పొద్దున్న బస్సెక్కాను. చంపుదామనే ఎక్కాను. దాచి చెప్పను.

నువ్వు షెడ్డు ముందు స్టూలు మీద కూచున్నావు. నన్ను చూసి లేచి నిలబడ్డావు. నీ భుజానికి కట్టు ఉందని చూశాను. చూసే, ఆ భుజం మీదే కొట్టాను. నువ్వు కింద పడ్డావు. డొక్కలో తన్నాను, ముఖం మీద తన్నాను. ఒంటికన్నువాడికి దూరం తెలియదు, ఒక తన్ను గుమ్మానికి తగిలి నా బొటనవేలు గోరు లేచిపోయింది. నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వీధిలో జనం చేరారు. వాళ్లలో ఒకడు నన్ను పట్టుకోబోతే "వదిలెయ్యండి, మా బావ" అన్నావు, నోట్లోంచి రక్తం కారుతూ. ఆ మాట విని ఇంకా రెండు తన్నాను. జాలిపడి ఆపలేదు. అలసిపోయి ఆపాను.

లోపలికి వెళ్లి షాఫ్టు చూశాను. నడి జర్నలు మీద వేలు పెట్టాను. నీలం మచ్చ చల్లగా ఉంది. ఏడేళ్లు నన్ను నేను కూడా నమ్మలేదు దేవమణీ. అందరూ అంటుంటే, నిజంగానే ఆ సీసా మూత తీశానేమో, ఒక్క గుక్క తాగి మరిచిపోయానేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ మచ్చ మీద వేలు పెట్టాక ఆ అనుమానం పోయింది. నీ కుండలో నీళ్ళు తాగి, నీకు ఒక్క చుక్క ఇవ్వకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి సంజయ్ ముందు ముక్క పెట్టాను. వాడు దాన్ని తిప్పి చూసి పలక మీద రాశాడు: "నీకు తెలిస్తే సంపేసి ఉరికెక్కుతావు. నేను కొడితే సరిపోద్దనుకున్నాను." వాడు అనుకున్నది నిజమే.

నీ మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఠాణాలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మా తమ్ముడే ఇద్దరిని వెంటబెట్టుకుని కడ్డీతో వెళ్లాడు, మొదటి దెబ్బ వాడిదే అని. వాడి మీద కేసు రాసుకున్నారు. వాడి భార్య నా ముఖాన తలుపు వేసింది. వెయ్యనీ. అబద్ధపు వాంగ్మూలం కింద ఏడేళ్లు బతికాను, ఇంకోటి నా చేత్తో రాయించలేను. నిన్ను తన్నింది కూడా చెప్పాను. కేసు పెట్టుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం.

దొర్కాకి అంతా తెలుసు. నీ ఉత్తరం నేనే ఇచ్చాను. చదివి మడిచి ఇచ్చేసింది.

నీ దగ్గర నాకు ఒక్కటే కావాలి. తాగుబోతునని మన చర్చి పెద్దల పట్టీలోంచి నా పేరు కొట్టేశారు. ఈ నెల ఇరవయ్యో తారీఖు ఆదివారం. తప్పు ఒప్పుకుంటూ నువ్వు రాసిన ఉత్తరం ఈ కవర్లోనే పెట్టాను, ఆరాధన అయ్యాక, జనం లేవకముందు, అది అందరి ముందూ చదువు. నేను వెనక బల్ల మీద కూచుంటాను. అయ్యాక మా ఇంటికి రావద్దు.

విజయరత్నం


జయపురం,
12 అక్టోబరు 1998

బావా,

చర్చిలో ఉత్తరం చదివిన రోజు నీ వైపు చూసే ధైర్యం లేకపోయింది. సగంలో ఎవరో "దింపండి వాణ్ణి" అని అరవడం విన్నాను. అయినా చివరిదాకా చదివాను. బయటికొస్తుంటే సంజయ్ భార్య చెప్పు తీసి కొట్టింది. చెవి పక్క తగిలింది. ఆ తర్వాత జరిగింది నువ్వు చూడలేదు. పాస్టరుగారు, ఆనాడు నా రెండో దెబ్బ భుజం మీద కాచిన ఆయనే, గేటు దాకా నాతో నడిచారు. బస్సు వచ్చేదాకా నిలబడ్డారు.

నేను కేసు పెట్టలేదు. సంజయ్ మీది కేసులో కూడా రాజీకి ఒప్పుకుంటానని రాసిచ్చాను. ఇది వాడి మీద దయ అని చెప్పకు.

అసలు సంగతి రాస్తాను. దొర్కా నీకు చెప్పి వచ్చిందో చెప్పకుండా వచ్చిందో నాకు తెలియదు. మొన్న గురువారం పదకొండు గంటలకు షెడ్డు గుమ్మంలో నిలబడింది. ముఖం అచ్చం అక్కే. గొంతు మాత్రం నీది. "షాఫ్టు గ్రైండింగు సేసీ మావయ్యా. నేను సూస్తాను" అంది.

నువ్వు ముట్టుకోవద్దన్నావని చెప్పాను. "నడిపేది నేను" అంది.

మూడు వేళ్ల చేత్తో చెయ్యడం ఇదే మొదలు. షాఫ్టు బిగించడానికే గంట పట్టింది. అది పక్కనే స్టూలు వేసుకుని కూచుంది. రాయి ఆనించాను. నీలం ఒక్కసారి పోదు బావా. ముందు పలచబడింది, తర్వాత మరకలు మరకలుగా మిగిలింది, తర్వాత ఒక సన్నటి గీత. ముప్పై ఎనిమిదో థౌ దగ్గర ఆ గీత కూడా పోయింది. నలభైకి తెచ్చి, మూలల్లో వంపు చెడకుండా చూసి ఆపాను. మైక్రోమీటరు దాని చేతికిచ్చి చదవడం చూపించాను. ఒక్కో జర్నలూ నాలుగు వైపులా కొలిచి చీటీ మీద రాసుకుంది.

మర్నాడు బేరింగులు పోశాను. బెజ్జాలు తెరిచాను. అప్పుడు అది సంచిలోంచి ఆసుపత్రి సిరంజి తీసింది. అందులో నూనె నింపి, ప్రతి బెజ్జంలోనూ మొన పెట్టి ఎక్కించి, రెండో వైపు నూనె ధారగా కారిందాకా చూసింది. ముందుది అయింది. వెనకది అయింది. నడి బేరింగు చేతిలోకి తీసుకున్నాక నేను బయటికి వెళ్లిపోయాను. చాలాసేపటికి పిలిచింది. వెళ్లేసరికి బల్లంతా నూనె. సిరంజి ఖాళీ. మూడుసార్లు నింపి చూసిందట.

ఏమైనా అంటుందని ఎదురుచూశాను. తిడితే బాగుండును అనిపించింది. అది చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, నా ఎడమచేతి కట్టు వైపు చూసింది. తీసేసిన వేళ్ల మొదట్లో చీము పట్టి గుడ్డ పచ్చబడి ఉంది. మూడు రోజులైంది మార్చి.

"ఇలా ఉంచుకుంటే సెయ్యే తీసేస్తారు" అంది. "కూకో మావయ్యా."

స్టూలు నా వైపు జరిపింది. గుడ్డ అతుక్కుపోయింది, వేడినీళ్లతో తడుపుతూ కొద్దికొద్దిగా లాగింది. నొప్పికి నేను అరిచాను. చెయ్యి వెనక్కి లాక్కోబోతే ముంజేయి గట్టిగా పట్టుకుంది. కడిగి, మందు పెట్టి, కొత్త కట్టు కట్టి, "మళ్ళీ సోమవారం వస్తాను" అంది.

ఈ రోజు సోమవారం. వచ్చింది. ఇప్పుడే వెళ్ళింది. షాఫ్టూ బేరింగులూ అసిరయ్యకు ఇచ్చి పంపుతున్నాను, బిగించడం ఆయన చేతనే చేయించు.

దేవమణి